కిందపడే ఫోటో

"నా బిడ్డ ఒళ్ళు యాడికి పోయిందప్పా?"

ధర్మవరంలో జయప్రకాష్ ఫోటో స్టూడియో గోడలు అదిరేలా వచ్చిన ఆ గొంతుకు హరిప్రసాద్ చేతిలోని మౌస్ జారిపోయింది. అడగడంలో న్యాయం ఉంది. కంప్యూటర్ తెర మీద ఒక అమ్మాయి తలకాయ, రెండు చేతులు, ఒక జత బూట్లు మాత్రమే గాల్లో తేలుతున్నాయి. మధ్యలో ఉండాల్సిన మనిషి లేదు.

అడిగినాయన ఉలిగప్ప. పెనుకొండ పక్కన పల్లె. అరవై నాలుగేళ్ళ వయసు, నూట ఇరవై గొర్రెలు, తలుపుకు సరిపోయేంత ఛాతీ. ఆ తలకాయ, చేతులు, బూట్లు ఆయన కూతురు చాముండేశ్వరివి. ఆమె పెనుకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు.

"ఒళ్ళు యాడికీ పోలేదు పెద్దాయనా, ఈడే ఉండాది," అన్నాడు హరి కళ్ళద్దాలు సర్దుకుంటూ. "వెనకాల పచ్చగుడ్డ కట్టినాం కదా. పచ్చగా కనపడిందంతా కంప్యూటర్ తీసేస్తాది. మేడమ్ పచ్చ ట్రాక్‌సూట్ వేసుకోని వచ్చినారు."

"మా స్కూల్ యూనిఫాం ఇదే," అంది చాముండేశ్వరి. గాల్లో తేలుతున్న తలకాయ కూడా అదే మాట అంది. "పచ్చది వేసుకోని రావద్దని పేపర్లో రాయల్ల కదా మీరు? 'ఫైటర్లు కావలెను' అని రాస్తే చాలునా? ఇప్పుడు నేను దేంతో తన్నేది, బూట్లతోనా?"

"పచ్చంగా ఉండేదంతా తీసేస్తాదా?" ఉలిగప్ప తెర దగ్గరకు వచ్చి తీరిగ్గా చూశాడు. "మన జిల్లాలో ఎవురో ఈ కంప్యూటర్ శానా కాలం ముందే పెట్టినట్టుండారే."

హరి సంగతి కొంచెం చెప్పాలి. హిందూపురం పిల్లోడు. బెంగళూరులో ఒక వీడియో గేమ్ కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాడు. ఆరేళ్ళూ గడ్డి గీశాడు. ఎవరో కవచాలు తొడుక్కుని కత్తులతో కొట్టుకునే ఆటలో వాళ్ళ కాళ్ళ కింద ఉండే గడ్డి. ఒకరోజు ఆ గడ్డి మీద విరక్తి పుట్టి ఇంటికొచ్చేశాడు. చీరలకు ఫాల్స్ కుట్టే అంగడి పైన గది తీసుకుని, రెండు కంప్యూటర్లు పెట్టి, సొంతంగా కొట్లాట ఆట ఒకటి మొదలుపెట్టాడు. "మీవాడు ఏం పనిలో ఉండాడు?" అని ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ యల్లక్క, "కంప్యూటర్లో మంది చేత కొట్టుకోపిస్తాడు," అని చెప్పి తల తిప్పుకుంటుంది.

ఆట పేరు 'సీమ దెబ్బ'. అందులో బొమ్మలు గీయరు. నిజం మనుషుల్ని నిలబెట్టి, గుద్దేది, తన్నేది, ఎగిరేది, ఒక్కో కదలికకు ఒక్కో ఫోటో తీస్తారు. ఆ ఫోటోలను వరసగా తిప్పితే మనిషి ఫోన్లో కొట్లాడతాడు. ముప్పై ఏళ్ళ కిందటి పద్ధతి. అందరూ మరిచిపోయారు కాబట్టి, ఆటను విడుదల చేస్తామన్న ఇంకో బెంగళూరు కంపెనీకి అది సరికొత్తగా కనిపించింది.

కంపెనీ తరఫున మాట్లాడే పద్మజ మేడమ్ వీడియో కాల్లో గట్టిగా చెప్పింది. "హరీ, అథెంటిసిటీ ఈజ్ ఎవ్రీథింగ్. రియల్ పీపుల్, రియల్ పెయిన్. ఒక్క ఫ్రేమ్ కూడా ఫేక్ ఉండకూడదు." ఆమె వెనకాల కనిపించే పుస్తకాల బీరువా కంప్యూటర్ పెట్టిన బొమ్మ. ఆమె కదిలినప్పుడల్లా ఒక చెవి బీరువాలోకి పోయి వస్తూ ఉంది.

సరే, నిజం మనుషుల కోసం ప్రకటన వేస్తే మొదట పద్నాలుగు మంది వచ్చారు. పద్నాలుగు మందికీ మీసాలున్నాయి. గుద్దమంటే గుద్దారు. తన్నమంటే స్టూడియో స్టూలు విరిగేలా తన్నారు. గెలిచినట్టు నిలబడమంటే దిగమన్నా దిగలేదు. "ఇప్పుడు దెబ్బ తిని కిందపడే ఫోటో," అనగానే మాత్రం పద్నాలుగు మందీ ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేను పడేది ఏమిటికప్పా?" అన్నాడు హిందూపురంలో చింతపండు మండీ ఉన్న గోవిందరాజులు. "నన్ను కొట్టినోడు పడల్ల గానీ!"

"వానికీ ఇదే చెప్పినా సార్. వాడూ ఇదే అంటాండాడు."

"మా మామ చూస్తే?" అన్నాడు ఇంకొకాయన. మరొకాయన తనకు బదులు పడడానికి తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. తమ్ముడు గుమ్మం దాకా వచ్చి, పని ఏమిటో తెలుసుకుని, బీడీలు తెచ్చుకుంటానని పోయాడు. ఇప్పటిదాకా రాలేదు.

కింద పడ్డా పైచేయి నాదే అని సామెత చెప్పుకునే జనం. ఆ సామెతకైనా ముందు కిందపడాలి కదయ్యా అని హరి తల బాదుకున్నాడు.

అందుకే ఆరోజు చాముండేశ్వరిని అడగడాన్ని అతను చివరిదాకా వాయిదా వేశాడు. జయప్రకాష్ పెళ్ళికూతుళ్ళ ఫోటోలకు ఉంచిన ఎర్రచీర ఇస్తే, ఆమె ట్రాక్‌సూట్ మీదే చుట్టేసి, కొంగు నడుముకు బిగించి నిలబడింది. ఒళ్ళు తిరిగి వచ్చింది. ఉలిగప్ప ఊపిరి పీల్చుకున్నాడు. గుద్దులు, తన్నులు అన్నీ అయ్యాయి. (తర్వాత ఆ ఫోటోలు చూసి పద్మజ మేడమ్, "వావ్, ఎత్నిక్ వారియర్ లుక్! ఎంత రీసెర్చ్ చేశావ్ హరీ!" అంది.)

"మేడమ్... ఇంగొకటి ఉండాది... కిందపడే..."

మాట పూర్తి కాలేదు. ధబ్! చాముండేశ్వరి పరుపు మీద వెల్లకిలా పడి ఉంది. మళ్ళీ రెప్పపాటులో లేచి నిలబడింది.

"సాలునా? ఇంగోతూరి పడల్నా?"

"మీకు... పడేదానికి ఏమీ అభ్యంతరం లేదా?"

"పడేది రాకుంటే ఆట యాడొస్తాది సార్? మా పిల్లోళ్ళకు మొదటి నెలంతా పడేదే నేర్పిస్తా నేను. పడేదానికి భయపడేవాడు పరిగెత్తలేడు."

హరి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. తుడిచాక ఆమె ఇంకా బాగా కనిపించింది. ఇక అతని పని అయిపోయిందని జయప్రకాష్‌కు అర్థమైంది. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాడికి ఇలాంటివి కెమెరా లేకుండానే కనిపిస్తాయి.

జయప్రకాష్ అంతటితో ఊరుకుంటే కథ ఇక్కడే సుఖంగా ముగిసేది. ఉలిగప్ప ఛాతీ చూసి వాడికి నోరు ఆగలేదు. "పెద్దాయనా, నువ్వు గూడా ఒగ నాలుగు గుద్దులు గుద్దితే..."

ఉలిగప్ప ఒకప్పుడు జాతరల్లో కుస్తీ పట్టినవాడు. మొహమాటపడుతూనే చొక్కా విప్పాడు. రెండు గంటల్లో అన్ని ఫోటోలూ ఇచ్చాడు. ఒక్కటి తప్ప.

"అది మాత్రం అడగద్దప్పా. నలభై ఏండ్ల నుంచి ఈ వీపుకు మన్ను అంటలే."

కంపెనీ పంపిన ఒప్పందం పదకొండు పేజీల ఇంగ్లీషు. ఉలిగప్ప చెప్పగా చివరి పేజీ అడుగున చాముండేశ్వరి తెలుగులో ఒక్క వాక్యం రాసింది: 'ఉలిగప్ప వీపు నేలకు అంటదు.' హరి దాని కింద సంతకం పెట్టాడు. పదకొండు పేజీల్లో అందరికీ అర్థమైన వాక్యం అదొక్కటే.

సంతకం పెట్టేటప్పుడు అతను ఆట గురించి ఆలోచించలేదు. ఆమె చేతిరాత చూస్తున్నాడు. హిందూపురం పోయాక గుర్తొచ్చింది, ఆట అన్నాక ఒకడు పడితే గానీ అయిపోదని. పడని మనిషిని ఎంతసేపు కొట్టినా నిలబడే ఉంటాడు. కొట్టేవాడి బొటనవేలు వాచిపోవడం తప్ప ఫలితం ఉండదు. ఒక్క ఉలిగప్పే కాదు, పద్నాలుగు మీసాలదీ అదే కథ.

"నువ్వే పడు," అన్నాడు జయప్రకాష్. "పచ్చగుడ్డ ముందర నువ్వు పడు, తలకాయలు నేను మారుస్తా. పెండ్లికి రాని చుట్టాలందరినీ ఆల్బంలో తెచ్చి నిలబెట్టేవాణ్ణి నేను. ఇదొక లెక్కా నాకు?"

హరి రెండు రోజులు కాదన్నాడు. మూడో రోజు పడి చూశాడు. మోచేయి కొట్టుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పడడం కూడా ఒక విద్యే అని అప్పుడు తెలిసింది. ఆ విద్య వచ్చిన మనిషి అతనికి తెలిసినవాళ్ళలో ఒక్కతే ఉంది.

సాయంత్రం ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగితే, స్కూల్ గ్రౌండులో లాంగ్ జంప్ ఇసుక గుంట దగ్గర ఆమె పిల్లలతో ఉంది.

"మీకేమిటికి సార్ పడేది?" అంది అనుమానంగా.

"ఆట చేసేవానికి అన్నీ తెలియల్ల కదా," అన్నాడు హరి. చిన్న అబద్ధం. నోట్లోంచి నున్నగా వచ్చింది కానీ కడుపులోకి మాత్రం దిగలేదు.

"చూడండి. గడ్డం లోపలికి. ఎడమచేయి ముందర నేలను తాకల్ల. నడుము ఆ తర్వాత. కుడిచేయి ఏమిటికి మొగం మీద పెట్టుకున్నారు?"

"కండ్లద్దాలు. పడిపోతాయి."

"పడనీ."

"పగులుతాయి."

"పగిలితే అంగట్లో దొరుకుతాయి. తలకాయ యా అంగట్లో దొరుకుతాది?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. హరి పడ్డాడు. కుడిచేయి కళ్ళద్దాల మీదే ఉంది. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ అక్కడే. ఇరవై రోజులు పడ్డాడు. పడడం వచ్చింది కానీ ఆ చేయి మాత్రం వదల్లేదు. పిల్లలు వరసలో నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాళ్ళు. ఎవరైనా ఏడిస్తే, "కంప్యూటర్ సార్‌ను చూసి నేర్చుకోండి, ఎన్నిసార్లు పడినా సిగ్గు లేదు," అనేది చాముండేశ్వరి. ఎప్పుడో ఒకరోజు 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఎప్పుడైందో ఇద్దరూ గమనించనట్టే నటించారు.

ఒక ఆదివారం ఆమె ధర్మవరానికి మిగిలిన ఫోటోల కోసం వస్తూ పెనుకొండలో హరి ఉన్న రైల్లోనే ఎక్కింది. కిటికీ బయట ఆకాశం నల్లగా మూసుకొచ్చింది.

"వానొస్తాదేమో," అన్నాడు హరి ఆశగా. ప్రేమకు వాన మంచిదని ఎక్కడో విన్నాడు.

"రాదు. ఆ మోడాలు బెంగళూరుకు పోతాండాయి, డ్యూటీకి." ఆమె వేరుశనగలు ఒలిచి సగం అతని చేతిలో పోసింది. "ఇరవై దినాలు పడితివి కదా, ఏం తెలుసుకుంటివి?"

"ఏం చేయల్లన్నా ముందర పడల్ల అని. కష్టపడల్ల. తిప్పలు పడల్ల."

"సిగ్గుపడల్ల," అంది ఆమె నవ్వుతూ. "అది నీకు రాదు."

"ఆశపడల్ల." కాసేపు ఆగి, వేరుశనగ గింజను చూస్తూ అన్నాడు. "ఇష్టపడల్ల."

చాముండేశ్వరి కిటికీ వైపు తిరిగింది. ఆమె చెవి ఎర్రబడింది. "అది నేను నేర్పించేది కాదు. ఎవురికి వాళ్ళే పడల్ల," అంది. ధర్మవరం వచ్చేసరికి వేరుశనగలు అయిపోయాయి.

ఆ రైల్లోనే నిజం చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది. చెబితే ఆమె లేచి వేరే సీటుకు పోతుందేమోనని భయపడ్డాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు రాకముందే ఆట తయారైపోయింది.

ధర్మవరంలో ఒక కల్యాణ మండపం మాట్లాడి, గోడంత తెర పెట్టి, ఆటను మొదటిసారి చూపించారు. పద్నాలుగు మీసాలూ బంధుమిత్ర సపరివారంగా వచ్చాయి. ముందు వరసలో ఉలిగప్ప, చాముండేశ్వరి. బెంగళూరు నుంచి తెర మీద పద్మజ మేడమ్, చెవి లోపలికీ బయటికీ.

మొదటి కొట్లాటలో గోవిందరాజులు ఓడిపోయాడు. గింగిరాలు తిరిగి వెల్లకిలా పడ్డాడు. పడేటప్పుడు కుడిచేత్తో ముక్కు పట్టుకున్నాడు.

"అదేందప్పా, ముక్కు పట్టుకుంటాండాడు?" అన్నారెవరో.

"చింతపండు బూజు పట్టిందేమో!"

మండపం గొల్లుమంది. రెండోవాడూ ముక్కు పట్టుకునే పడ్డాడు. మూడోవాడూ అంతే. పద్నాలుగు మీసాలు, పద్నాలుగు తలకాయలు, కింద మాత్రం ఒకటే జత పుల్లకాళ్ళు. గోవిందరాజులు భార్య లేచి నిలబడి, "ఆ కాళ్ళు మా ఆయనవి కావు!" అని పదిమందిలో ప్రకటించింది.

హరి ఆపేద్దామని లేచేలోపే వేదిక మీద ఆడుతున్న జయప్రకాష్ ఉత్సాహంగా తర్వాతి జంటను ఎంచుకున్నాడు. ఎర్రచీర చాముండేశ్వరి, ఎదురుగా ఉలిగప్ప.

తెర మీద కూతురు ఎగిరి తన్నింది. తండ్రి తల వెనక్కి వాలింది. గడ్డం లోపలికి పోయింది. ఎడమచేయి నేలను తాకింది. కుడిచేయి ముక్కు మీదికి పోయింది. పుల్లకాళ్ళు పైకి లేచాయి. ఉలిగప్ప వీపు నేలకంటింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో అసలు ఉలిగప్ప మెల్లగా లేచాడు. చేయి వెనక్కి పెట్టి, లేని మన్నును వీపు మీంచి దులుపుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

హరి మండపం మెట్ల దగ్గర చాముండేశ్వరిని అందుకున్నాడు.

"ఆ పడింది నువ్వే," అంది ఆమె. "గడ్డం లోపలికి, ఎడమచేయి ముందర. నేను నేర్పించిందే. ఆ కుడిచేయి ఒకటే నీ సొంతం."

"చాముండీ, చెబుదామనే అనుకుంటి..."

"ఎప్పుడు? రైల్లోనా? గ్రౌండులోనా? ఇరవై దినాలు నా దగ్గర పడి, ఆ పడేదాన్ని తీసుకుపోయి మా నాయన తలకాయకు తగిలించినావు. తన్నేదానికి నన్నే పెట్టినావు! నా రాత కింద సంతకం పెట్టినోనివి కదా నువ్వు?"

"భయపడినా," అన్నాడు హరి.

"అది మాత్రం బాగా పడతావు," అని ఆమె మెట్లు దిగిపోయింది.

హరికి తల కొట్టేసినట్టయింది. ఫోన్లో వీడియో కాల్ మోగింది. పద్మజ మేడమ్.

"హరీ! ఆ నోస్ థింగ్ జీనియస్! అప్పుడే అందరూ షేర్ చేస్తున్నారు. ఆ గొర్రెల తాత పడేది అయితే హైలైట్. శుక్రవారం రిలీజ్."

"మేడమ్, అది ఫేక్ ఫ్రేమ్. ఆయన పడలేదు. నేను పడినా."

"సో వాట్? చూడ్డానికి అథెంటిక్‌గా ఉంది కదా."

"ఆయన పడేది తీసేస్తా మేడమ్."

"తీసేస్తే తాత ఎలా ఓడిపోతాడు? తాత లేకపోతే మాకు ఆట వద్దు, హరీ. ఆలోచించుకో," అని ఆమె బీరువాలోకి మాయమైంది.

నాలుగు రోజులు రైల్లో పెనుకొండ వచ్చినప్పుడల్లా హరి కిటికీలోంచి తల బయట పెట్టి చూశాడు. పచ్చ ట్రాక్‌సూట్ కనిపించలేదు. అసలే పచ్చగా ఉండేదంతా మాయం చేసే కంప్యూటర్ కదా, దాని ఉసురు తగిలిందనుకున్నాడు. ఐదో రోజు ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఉలిగప్ప పల్లెకు పోయాడు.

ఉలిగప్ప గొర్రెలదొడ్డి ముందు రాతి మీద కూర్చుని ఉన్నాడు. చాముండేశ్వరి గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతూ, హరిని చూసి మళ్ళీ గొర్రెపిల్లనే చూసింది. ఆ గొర్రెపిల్ల అదృష్టం.

హరి ల్యాప్‌టాప్ తెరిచి రాతి మీద పెట్టాడు. "పెద్దాయనా, మీరు పడిన ఫోటోలన్నీ దీంట్లోనే ఉండాయి. ఇంగ యాడా లేవు. ఈడ నొక్కితే పోతాయి. మీరే నొక్కండి."

"పోతే?"

"ఆట గూడా పోతాది. కంపెనీ వాళ్ళు వద్దంటారు."

"మల్ల నువ్వేం చేస్తావు?"

"బెంగళూరు పోయి గడ్డి గీస్తా."

"నా గొర్రెలకు పనికొస్తాదా ఆ గడ్డి?"

"రాదు."

"మల్లేమిటికి?" అంటూ ఉలిగప్ప చూపుడువేలుతో, బండరాయిని నొక్కినట్టు నొక్కాడు. ఫోటోలన్నీ పోయాయి. కాసేపు ఖాళీ తెరను చూశాడు. "నా బదులు ఎన్నితూర్లు పడింటివి?"

"డెబ్బై నాలుగు."

"దెబ్బ తగిలిందా?"

హరి చొక్కా చేయి పైకి మడిచి మోచేయి చూపించాడు. చెక్కుకుపోయి, మాని, మళ్ళీ చెక్కుకుపోయిన మోచేయి. చాముండేశ్వరి గొర్రెపిల్లను వదిలి దగ్గరకు వచ్చింది. "మందేమన్నా పూస్తివా దీనికి?" అంది కోపంగా.

"చాముండీ, ఒగ మాట చెప్పి పోతా. ఈ ఆట కోసం కష్టపడినా. అబద్ధమాడి సిగ్గుపడినా. నీకు చెప్పేదానికి భయపడినా. వీటన్నిటికన్నా ముందర, నువ్వు ఎర్రచీర కట్టుకోని ధబ్బున పడితివే, ఆరోజే ఇంగొకటి పడినా. దానికి మాత్రం కండ్లద్దాలు పట్టుకోలే."

"ఏం పడినాడంటాడు పాపా?" అన్నాడు ఉలిగప్ప.

"ఏమీ లేదు నాయనా, కంప్యూటర్ మాట," అంది చాముండేశ్వరి. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే కుండపోతగా వాన కురిసింది అని రాయాలని ఎవరికైనా ఉంటుంది. ఏడు చినుకులు పడ్డాయి. ఒక గొర్రె తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. మిగతా వాన బెంగళూరుకు పోయింది.

ఉలిగప్ప అరచేతిలో పడిన చినుకును రుద్దుకున్నాడు.

"నన్ను ఎవురూ పడేయలే. నిజమే. ఇరవై నాలుగేండ్లప్పుడు జాతరకు ఆమడగూరు నుంచి ఒగ పిల్లోడు కుస్తీకి వచ్చె. వాడు నిలబడే తీరు చూస్తానే తెలిసిపాయ, నన్ను పడేస్తాడని. కాలు బెణికిందని చెప్పి ఇంట్లో పండుకుంటి. మల్ల ఎప్పుడూ గోదాలో దిగలే. వీపుకు మన్ను అంటకుండా ఉండేదానికి, ఆటనే ఇడిసిపెడితి."

"నాయనా!" అంది చాముండేశ్వరి. ఆమెకే ఈ సంగతి తెలియదు.

"నలభై ఏండ్లు దాన్నే గెలుపనుకుంటి పాపా. ఈ పుల్లకాళ్ళోడు నా బదులు డెబ్బై నాలుగుతూర్లు పడె. నేను ఒగతూరి పడలేనా?" లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏమప్పా కంప్యూటరూ, ధర్మవరానికి రైలు ఎన్ని గంటలకు?"

ఉలిగప్ప పడబోతున్నాడన్న కబురు రైలు కంటే ముందే ధర్మవరం చేరింది. స్టూడియో గుమ్మంలో పద్నాలుగు మీసాలు నిలబడి ఉన్నాయి. "ఉలిగప్పే పడతాడంట, మనదేముంది లేబ్బా," అన్నాడు గోవిందరాజులు. "నా పడేది నేనే పడతా. ఆ పుల్లకాళ్ళు నాకొద్దు. ఇంట్లో మా ఆడమనిషి మాట్లాడేది మానేసింది."

ఉలిగప్ప తలపాగా విప్పి, చొక్కా విప్పి, పచ్చగుడ్డ ముందు నిలబడ్డాడు. వంగి నేలను తాకి కళ్ళకద్దుకున్నాడు. అంత పెద్ద మనిషి గొంతు చిన్నదైపోయింది.

"యట్ల పడల్ల పాపా?"

చాముండేశ్వరి వెళ్ళి తండ్రి గడ్డం కింద వేలు పెట్టింది. "గడ్డం లోపలికి నాయనా. ఎడమచేయి ముందర. నేనీడే ఉండా."

హరి కెమెరా వెనకాల నిలబడ్డాడు. వేలు మీట మీద ఉంది.

"సరే," అన్నాడు ఉలిగప్ప. "తీయి మల్ల, అల్లుడా."

ధబ్!

నలభై ఏళ్ళ తర్వాత ఆ వీపు నేలకంటింది. ఉలిగప్ప వెల్లకిలా పడుకుని పైకప్పు కేసి చూశాడు. ఏమీ కూలలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఫోటో పడిందా?" అన్నాడు కింద నుంచే.

చాముండేశ్వరి వచ్చి చూసింది. హరి వేలు మీట మీదే ఉంది, నొక్కనే లేదు. కళ్ళద్దాల వెనకాల నీళ్ళు.

"పడలేదు నాయనా," అంది ఆమె, ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక. "నువ్వు ఆ మాట అంటివి. ఈయన చేయి ఆడలేదు."

గోవిందరాజులు పకపకా నవ్వాడు. ఉలిగప్ప చేయి చాచాడు. కూతురు ఒక చేయి, హరి ఒక చేయి పట్టుకుని లేపారు. ఆయన వీపు దులుపుకోలేదు.

"సరే, ఇంగోతూరి పడతా," అన్నాడు. "ఈతూరి ఆ మాట ఫోటో తీసినంక అంటాలే."